కొండకు మనసుంటుందా?



సంక్రాంతికి ముందు ఇల్లు దులుపుకోవడం మనందరికీ ఉన్న పనే కదా. ఈసారి అటక దులుపుతూంటే మా పిల్లల పాత డ్రాయింగు పుస్తకాలు బయటపడ్డాయి. దుమ్ము దులిపి ఒక్కొక్కటే తిరగేశాను. ఏ పుస్తకం తీసినా ఒకటే బొమ్మ! రెండు కొండలు, వాటి నడుమ గుండ్రటి సూర్యుడు, సూర్యుడికి చీపురుపుల్లల్లాంటి కిరణాలు, కొండల మధ్యనుంచి వంకర్లు తిరుగుతూ ఒక ఏరు, ఏటి ఒడ్డున గుడిసె, గుడిసె పక్కన కొబ్బరిచెట్టు, ఆకాశంలో నాలుగు కాకులు. మా పెద్దవాడు వేసిందీ అదే, అమ్మాయి వేసిందీ అదే. ఆ మాటకొస్తే చిన్నప్పుడు నేను వేసిందీ అదే. మీరు మాత్రం వేరే వేశారా ఏమిటి?

నవ్వుకుంటూ పుస్తకాలు కట్టగట్టబోతూంటే మా అమ్మాయి వచ్చి పక్కన కూర్చుంది. అది తొమ్మిదో తరగతి చదువుతోంది. "అమ్మా, మా డ్రాయింగు మేష్టారు ఒక సీనరీ చూపించి, అందులో ఉన్న భావమేమిటో రాసుకు రమ్మన్నారే. మనిషి బొమ్మయితే నవ్వుతోందో ఏడుస్తోందో చెప్పొచ్చు. కొండకి భావమేముంటుందే?" అంది.

ఏం చెప్పను? మెట్రిక్‌తో చదువు ఆపినదాన్ని. "పొయ్యిమీద పప్పుంది, తర్వాత చెబుతాలే" అని లేచొచ్చాను. పప్పు ఉడికింది గాని ఆ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. గ్రంథాలయానికి వెళ్ళి నాలుగు పుస్తకాలు తెచ్చుకుని, మధ్యాహ్నాలు కునుకు మానేసి చదివాను. చదివితే ఏం తేలిందనుకున్నారు? మా అమ్మాయి అడిగిన ప్రశ్న దాదాపు తొమ్మిదివందల ఏళ్ళ క్రితమే ఒక చక్రవర్తి తన బడిలో పిల్లలకి పరీక్షగా ఇచ్చాడట! ఆ కథే ఈరోజు మీతో చెప్పుకుందామని.

అసలు ఆకాశాన్నీ చెట్టునీ చదవడం మనకి కొత్తేమీ కాదు. ఈశాన్యంలో మబ్బు చూసి వడియాలు ఈరోజు పెట్టాలా రేపు పెట్టాలా అని తేల్చుకునేది మనమే. చీమలు గుడ్లు మోసుకుపోతుంటే వాన అని చెప్పేది మన అత్తగార్లే. అయితే అది అవసరం కోసం చదవడం. మబ్బు చూడగానే వాన వస్తుందా అని కాక, మనసెందుకిలా దిగులుగా ఉంది అని అడగడం ఇంకొక చదువు. ఆ చదువును పద్ధతిగా బడిలో పెట్టి చెప్పిన దేశం చైనా.

చైనా వాళ్ళు దృశ్యచిత్రాన్ని ఏమంటారో తెలుసా? 'షాన్ షుయ్' అంటారు. షాన్ అంటే కొండ, షుయ్ అంటే నీరు. కొండా నీరూ, అంతే! ఆ దేశాన్ని 960 నుంచి 1279 దాకా సుంగ్ వంశపు రాజులు ఏలారు. వాళ్ళలో షెన్‌జోంగ్ అనే చక్రవర్తి కొలువులో గువో షీ అని ఒక చిత్రకారుడుండేవాడు. కొండలు వేయడంలో ఆయన తర్వాతే ఎవరైనా అని పేరు. చిత్రకళ గురించి ఆయన చెప్పిన మాటల్ని ఆయన కొడుకు గువో సి పుస్తకంగా కూర్చాడు.

ఆ పుస్తకంలో గువో షీ మొట్టమొదట వేసుకున్న ప్రశ్న నన్ను ఆశ్చర్యపరచింది. మనిషికి కొండల బొమ్మలు ఎందుకు కావాలి? ఆయన జవాబు ఏమిటంటే, కొండల్లో కోనల్లో తిరగాలని ప్రతి మనసుకీ ఉంటుంది, కాని తల్లిదండ్రుల సేవ, రాజు కొలువు, ఇంటి బాధ్యత మనిషిని కదలనివ్వవు. అటువంటివాళ్ళు కూర్చున్నచోటు నుంచి లేవకుండానే సెలయేటి చప్పుడు వినడానికి, కోతుల కూతలు వినడానికి మంచి చిత్రం కావాలి అంటాడు. చదవగానే, ఇదేమిటి, ఈయన మగవాళ్ళ కోసం రాశాడా, మనకోసం రాశాడా అనిపించింది. వంటింటి కిటికీ లోంచి కనబడే ముక్క ఆకాశంతో సరిపెట్టుకునేవాళ్ళం మనమే కదండీ!

ఇక కొండ మనసు సంగతి. ఒకే కొండ నాలుగు రుతువుల్లో నాలుగు తీరుల మనిషిలా ఉంటుందని గువో షీ చెప్పాడు. వసంతంలో పెదవి చివర నవ్వు దాచుకున్నట్టుంటుందట. ఎండాకాలంలో పచ్చదనం కారిపోతున్నట్టుంటుందట. శరత్తులో ముస్తాబై నిలబడ్డట్టుంటుంది. చలికాలంలో నిద్రపోతున్నట్టుంటుంది. కొండకి నీరే నెత్తురు, గడ్డే జుట్టు, పొగమంచే ముఖంలోని కళ అన్నాడు. కొండని ఎత్తుగా చూపించాలంటే పైకి గీసుకుంటూ పోతే లాభంలేదు, నడుముకి మంచు చుట్టాలి అన్నాడు. ఏరు దూరం నుంచి వస్తోందని చూపాలంటే మొత్తం గీయకూడదు, మధ్యమధ్య దాచాలి అన్నాడు. మన పిల్లల బొమ్మలో ఏరు కొండ మొదటినుంచి కాగితం అంచుదాకా ఒక్క మలుపు దాచకుండా పారుతుంది చూశారూ, అక్కడ తెలిసింది నాకు తేడా.

ఈయన 1072లో వేసిన చిత్రం ఒకటి ఇప్పటికీ ఉంది. పేరు 'తొలి వసంతం'. పట్టుబట్ట మీద సిరాతో, పలచని రంగులతో వేశాడు. అయిదడుగులకి పైగా ఎత్తు, మూడున్నర అడుగుల వెడల్పు. ప్రస్తుతం తైవాన్‌లోని తైపే నగరంలో, జాతీయ రాజప్రాసాద మ్యూజియంలో ఉంది. పుస్తకంలో దాని అచ్చుప్రతి చూశాను. మొదట నాకేమీ అర్థం కాలేదు. వసంతం అన్నాడు, ఒక్క పువ్వు లేదు, చిగురూ లేదు. చెట్లకొమ్మలు పీతకాళ్ళలా వంకర్లు పోయి మోడుల్లా ఉన్నాయి. మరి వసంతం ఎక్కడుంది?

రెండోరోజు చూశాను, మూడోరోజు చూశాను. అప్పుడు కనబడింది. చలికి గడ్డకట్టిన నేల కరిగి ఆవిరి లేస్తోంది. కొండ మధ్యలో ఆ మంచు తెర కదులుతున్నట్టే ఉంది. ఒకపక్క జలపాతం మళ్ళీ మొదలైంది. కింద ఎడమవైపున, ఏటి ఒడ్డున, చీమంత మనుషులు. పడవ దిగి ఇంటికి పోతున్న కుటుంబం. అందులో చంకలో బిడ్డతో ఒక తల్లి! పైన అంత పెద్ద కొండ మేలుకుంటూంటే కింద ఆ తల్లి తన పని తాను చూసుకుంటోంది. వసంతాన్ని పువ్వుతో చెప్పడం ఎవరైనా చేస్తారు. చలి వదులుతోంది అనే ఆ ఘడియని పట్టుకోవడం గువో షీకే చెల్లింది.

మరి ఇలా చూడటం ఇతరులకి నేర్పడం ఎలా? అదే కాలంలో షెన్ కువో అనే పండితుడు ఒక ముచ్చట రాసిపెట్టాడు. సుంగ్ ది అనే చిత్రకారుడి దగ్గర మరొక చిత్రకారుడు తన బొమ్మ చూపిస్తే, "చేయి బాగానే తిరిగింది గాని ఇందులో సహజత్వం లేదు" అన్నాడట. మరేం చెయ్యమంటారు అంటే ఆయన చెప్పిన ఉపాయం వినండి. పాడుపడ్డ గోడ ఒకటి వెతుక్కో. దానిమీద పలచని తెల్ల పట్టుబట్ట వేలాడదియ్యి. పొద్దునా సాయంత్రం దాని ఎదుట కూర్చుని చూడు. కొన్నాళ్ళకి ఆ గోడ ఎగుడుదిగుళ్ళు బట్టలోంచి కనబడి, ఎత్తయినవి కొండలవుతాయి, పల్లమైనవి నీళ్ళవుతాయి, పగుళ్ళు లోయలవుతాయి. అందులో మనుషులూ పక్షులూ తిరుగుతున్నట్టు తోస్తుంది. అప్పుడు కుంచె పట్టుకో అన్నాడట. దాదాపు 400 ఏళ్ళ తర్వాత ఇటలీలో లియొనార్డో డావించీ కూడా మరకల గోడలు చూడమని శిష్యులకి ఇటువంటి సలహాయే ఇచ్చాడు. వానాకాలం చెమ్మపట్టిన మన వంటింటి గోడమీద మనకి ఏనుగులూ ఒంటెలూ కనబడలేదూ? సున్నం వేయించలేదని విసుక్కున్నామే గాని అదొక పాఠశాల అని తెలుసుకోలేదు!

ఇక చక్రవర్తి పరీక్షల సంగతికి వస్తున్నాను. షెన్‌జోంగ్ కొడుకు హుయ్‌జోంగ్ 1100లో గద్దెనెక్కాడు. ఆయనే స్వయంగా గొప్ప చిత్రకారుడు. 1104లో చిత్రకళకి ప్రభుత్వ పాఠశాల ఒకటి పెట్టాడు. దేవతామూర్తులు, మనుషులు, కొండలూ నీళ్ళూ, పక్షులూ జంతువులూ, పూలూ వెదుళ్ళూ, ఇళ్ళూ మేడలూ అని ఆరు విభాగాలు. బొమ్మలతోపాటు నిఘంటువులు, పాత గ్రంథాలు కూడా చదవాల్సిందే. పూర్వులని కాపీ కొట్టకుండా, రూపమూ రంగూ సహజంగా, గీత నిరాడంబరంగా ఉంటే మంచి మార్కులు.

పరీక్షలో ఏమిచ్చేవారంటే, కొండ గీయమనో చెట్టు గీయమనో కాదు. ఒక పద్యపాదం ఇచ్చేవారు. దాని భావం బొమ్మలో పలకాలి. ఒకసారి ఇచ్చిన పాదంలో అడవి కొండల మధ్య దాగిన పాత గుడి ప్రస్తావన ఉంది. చాలామంది కొండలు వేసి, వాటి నడుమ గోపుర శిఖరమో, మండపమో వేశారు. మొదటివాడుగా నిలిచినవాడు గుడి వేయనేలేదు. కాగితం నిండా కొండలు, వాటి సందులోంచి ధ్వజం కట్టే కొయ్య ఒక్కటి తొంగిచూస్తోంది. దాగింది అన్నాక కనబడితే దాగడమేముంది?

ఇంకోసారి ఇచ్చిన పాదం రేవుని గురించి. ఏరు దాటేవాళ్ళు లేక పడవ పొద్దస్తమానం ఊరికే ఉంది అని దాని సారాంశం. అందరూ ఒడ్డున ఖాళీ పడవ కట్టేశారు. కొందరు పడవ అంచున కొంగని నిలబెట్టారు, కొందరు పడవ కప్పు మీద కాకిగూడు పెట్టారు. గెలిచినవాడు మాత్రం పడవలో సరంగుని వేశాడు! వాడు పడవ చివర నడుం వాల్చి ఉన్నాడు, పక్కన పిల్లనగ్రోవి. పడవవాడు లేక కాదు, ఎక్కేవాళ్ళు లేక ఖాళీ అన్నమాట. ఖాళీ పడవని చూస్తే పాడుబడ్డ రేవు అనుకుంటాం. పడవవాణ్ణి చూస్తే ఎదురుచూపు కనబడుతుంది. ఈ రెండు పరీక్షల ముచ్చట్లూ డెంగ్ చున్ అనే ఆయన 1167 నాటి పుస్తకంలో రాసిపెట్టాడు.

ఇది చదివినప్పుడు నాకు మన 'ధ్వని' సిద్ధాంతం గుర్తుకొచ్చింది. తొమ్మిదో శతాబ్దంలో కాశ్మీరంలో ఆనందవర్ధనుడు, చెప్పిన మాటకంటే స్ఫురింపజేసిన అర్థానిదే కావ్యంలో పెద్దపీట అన్నాడు కదా. వాళ్ళని చూసి వీళ్ళుగాని, వీళ్ళని చూసి వాళ్ళుగాని నేర్చుకున్నారని నేననడం లేదు. రసికత ఉన్నచోట ఈ సంగతి తట్టక మానదని మాత్రం తోచింది.

ఆ పాఠశాలలో చదివిన ఒక కుర్రవాడి చిత్రం దొరకడం మన అదృష్టం. అతని పేరు వాంగ్ షీమెంగ్. మొదట అతను వేసిన బొమ్మలు అంత బాగులేవట. అయినా పిల్లవాడికి నేర్పితే వస్తుందని కనిపెట్టి, చక్రవర్తి తానే దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పాడు. ఆరునెలలు తిరక్కుండా అతనొక పొడవాటి పట్టుచుట్ట మీద కొండలూ నదులూ వేసి సమర్పించాడు. అప్పటికి అతనికి 18 ఏళ్ళు. చుట్ట చివర ప్రధానమంత్రి 1113లో స్వహస్తంతో ఈ సంగతి రాసిపెట్టాడు గనకనే మనకి తెలిసింది. వెడల్పు మూర కంటే కాస్త ఎక్కువ, పొడవు దాదాపు 12 మీటర్లు. అంటే మన చీరలు రెండు వరసగా పరిస్తే ఇంకా కాస్త మిగులుతుంది! రాళ్ళు నూరి తీసిన నీలం, ఆకుపచ్చ రంగులు ఈనాటికీ మెరుస్తున్నాయి. అది పెకింగు రాజప్రాసాద మ్యూజియంలో ఉంది. ఆ కుర్రవాడిది మరొక చిత్రం మాత్రం దొరకలేదు. నేర్పితే వస్తుంది అని ఒక పెద్దమనిషి నమ్మబట్టి ఆ ఒక్కటైనా మిగిలింది.

అయితే సోదరీమణులారా, కథలో రెండోభాగం కూడా చెప్పాలి. ఈ హుయ్‌జోంగ్‌కి పాత కాలపు చిత్రాలంటే మోజు. తండ్రి ఇష్టపడి ఒక మందిరమంతా గువో షీ చిత్రాలు పెట్టించుకుంటే, కొడుకు వాటిని తీయించి పాత చిత్రాలు పెట్టించాడు. తీసేసినవి కొట్లో పారేశారు. ఒకసారి డెంగ్ చున్ తాతగారికి చక్రవర్తి ఇల్లు ఇచ్చాడు. ఆ ఇంటిపని చూస్తున్న డెంగ్ చున్ తండ్రి ఒకనాడు వెళ్ళేసరికి పనివాళ్ళు ఒక పాత పట్టుగుడ్డతో బల్లలు తుడుస్తున్నారు. ఏదో గీతలున్నాయేమిటా అని విప్పిచూస్తే అది గువో షీ చిత్రం! ఇటువంటివి కొట్లో ఇంకా ఉన్నాయని తెలిసి, "ఆ పారేసినవి ఇచ్చినా నాకు చాలు" అన్నాడట. మర్నాడే అవన్నీ ఆయనకి ఇచ్చేయమని ఆజ్ఞ వచ్చింది. ఆ ఇంటి గోడలన్నీ గువో షీ కొండలతో నిండిపోయాయి. గుడ్డ విప్పి చూసే కన్ను ఒకటుండబట్టి దక్కాయి. లేకపోతే?

చిత్రాలకి అంత బాగా మార్కులు వేసిన ఆ చక్రవర్తి తన రాజ్యం ముఖం మాత్రం చదవలేకపోయాడు. బొమ్మల్లో కొండలు చాలక, రాజధాని కైఫెంగ్‌లో నిజం కొండే కట్టించుకున్నాడు. 1117 నుంచి 1122 దాకా ఆ పని సాగింది. వింత వింత బండరాళ్ళు, చెట్లు దక్షిణాది నుంచి పడవల మీద తెప్పించారు. రాయి పట్టకపోతే వంతెనలు కూలగొట్టారు. ఎవరి దొడ్లో మంచి రాయి ఉన్నా ముద్రవేసి పట్టుకుపోయారు. కడుపుమండిన జనం 1120లో దక్షిణాన తిరగబడ్డారు. తర్వాత ఉత్తరం నుంచి జుర్చెన్లు దండెత్తి వచ్చి నగరాన్ని చుట్టుముట్టినప్పుడు, అంత ముచ్చటపడి పేర్చిన ఆ రాళ్ళనే పగలగొట్టి శత్రువులమీద విసరడానికి వాడారు, చెట్లు నరికి వంటచెరకు చేశారు. 1127లో హుయ్‌జోంగ్‌నీ, ఆయన కొడుకునీ బందీలుగా ఉత్తరానికి పట్టుకుపోయారు. 1135లో ఆ చెరలోనే ఆయన ప్రాణం పోయింది.

పడవవాడి నిరీక్షణ బొమ్మలో గుర్తుపట్టగలిగినవాడు, తన రాళ్ళు మోసిన పడవవాళ్ళ ముఖాలు చూడలేకపోయాడా అని నాకు చాలా బాధ కలిగింది. చూడటం నేర్చుకున్నవాళ్ళంతా చూస్తారని లేదన్నమాట. నేర్చుకున్న చూపుని ఎటు తిప్పుతామన్నది మళ్ళీ మనచేతుల్లోనే ఉంది.

మిగిలిన రాజకుటుంబం దక్షిణానికి పోయి హాంగ్‌చౌలో కొత్త రాజధాని కట్టుకుంది. అక్కడి చిత్రకారుల్లో మా యువాన్ గొప్పవాడు. ఆయన బొమ్మలో కొండా చెట్టూ ఒక మూలకి ఉంటాయి, తక్కినదంతా మంచు, ఆకాశం, ఖాళీ. అందుకని 'ఒక మూల మా' అని పేరు పెట్టారు. సగం రాజ్యం పోయింది గనక ఆ ఖాళీలో పోయిన దేశం ఉందని తర్వాత కొందరు చదివారు. కాదు, అది ఆయన కళానైపుణ్యం, ఖాళీయే అందం అన్నవాళ్ళూ ఉన్నారు. ఏది నిజం? పోగొట్టుకున్నవాడికి ఖాళీ ఒకలా కనబడుతుంది, నిండుగా ఉన్నవాడికి ఇంకొకలా కనబడుతుంది. చూసేవాడి బతుకు కూడా చిత్రంలో ఒక రంగే.

అందుకే పిల్లలకి చెప్పేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. దేవదారు అంటే ధీరత్వం, వెదురు అంటే వంగినా విరగనిది, నల్లమబ్బు అంటే దుఃఖం అని పట్టీ రాసి వల్లెవేయించకూడదు. చిత్రం చదవడం బల్లిశాస్త్రం కాదు, ఎక్కడ పడితే ఏమి ఫలం అని చూసుకోవడానికి! అదే నల్లమబ్బు ఎండిన చేలమీద వేస్తే సంతోషం కాదూ? కళ్ళంలో ధాన్యం ఉన్నప్పుడు వేస్తే గుండె దడ కాదూ? ముందు ఏముందో చూడాలి, తర్వాత ఏది లేదో చూడాలి, ఆ తర్వాత ఎందుకు లేదని అడగాలి. వెలుగు ఎటునుంచి వస్తోంది, మనిషి ఎంత చిన్నగా ఉన్నాడు, దారి ఎక్కడ మాయమైంది, ఇవి అడిగితే చాలు. జవాబు పిల్లలే చెబుతారు.

మా అమ్మాయితో అలాగే చేశాను. మేష్టారు ఇచ్చిన సీనరీ ముందుపెట్టుకుని ఇద్దరం కూర్చున్నాం. నేనేమీ చెప్పలేదు, అడిగానంతే. "దారి ఉంది గాని ఎవరూ నడవడం లేదేమిటే?" అన్నాను. కాసేపు చూసి, "గుడిసె తలుపు తీసే ఉందమ్మా. ఎవరో వస్తారని తీసిపెట్టారు" అంది. నా ఒళ్ళు ఝల్లుమంది. ఆ తలుపు సంగతి నేను చూడనేలేదు సుమండీ. హాస్టల్లో ఉన్న వాళ్ళన్నయ్య పండక్కి రాలేనని ఉత్తరం రాసిన వారమది.

మీ ఇంట్లో కూడా ఏ క్యాలెండరు మీదనో, పాత పుస్తకంలోనో ఒక దృశ్యచిత్రం ఉండే ఉంటుంది. ఈ మధ్యాహ్నం పనయ్యాక పిల్లలతో దానిముందు పదినిమిషాలు కూర్చోండి. వాళ్ళకి ఏం కనబడిందో అడగండి, మీకు కనబడింది చెప్పండి. ఇక అటక దులిపేటప్పుడు, పాతగుడ్డే కదా అని దేంతోనూ బల్ల తుడిచేయకండి. ముందొకసారి విప్పి చూడండి.